బొమ్మలు కూడు పెడతాయా?



వార్షికోత్సవం దగ్గరపడితే చాలు, మన హాస్టల్లో బొమ్మలు గీసేవాళ్ళ కోసం వెతుకులాట మొదలవుతుంది. గోడ మీద అంబేద్కర్ చిత్రం, గేటు దగ్గర స్వాగతం అక్షరాలు అన్నీ వాళ్ళ చేతిమీదే. మర్నాడు అదే పిల్లవాడు నోట్సు వెనక పేజీలో బొమ్మ వేస్తే "ఇవి కూడు పెడతాయారా?" అని మందలిస్తాం. ఈ తప్పులో మేమూ భాగస్తులమే.

మాతో చదివిన ఒక మిత్రుడు బొగ్గుముక్కతో మనిషి పోలిక పట్టేసేవాడు. టెన్త్ అయ్యాక అందరితోపాటు ఎంపీసీలో చేరాడు, మధ్యలోనే మానేశాడు. ఇప్పుడు ఫ్లెక్సీల షాపులో నాయకుల ఫొటోలు అతికిస్తున్నాడు. ఆ పని తక్కువదని కాదు. ఇంకో దారి ఉందని అతనికి చెప్పినవారు లేరు. మాకూ అప్పుడు తెలియదు.

దారి ఉంది. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలను ప్రభుత్వమే పెడుతుంది. ఇంటర్ పాసయ్యాక ప్రవేశపరీక్ష రాసి నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎ.లో చేరవచ్చు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ కోర్సులున్నాయి. ప్రకటనలు, పుస్తకాల ముఖచిత్రాలు, సినిమా సెట్లు, యానిమేషన్, అధ్యాపక వృత్తి ఇవన్నీ బతుకుతెరువులే.

అయితే హీరో ఫొటో మీద గళ్ళు గీసి దించడంతోనే కళ రాదు. అది చేతికి కసరత్తు మాత్రమే. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ పల్లె స్త్రీలను గీసి దేశమంతటా పేరు పొందారు. 1988 నాటి 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. మన అమ్మలు నాట్లేసే పొలం, మన వాడ, మన డైనింగ్ హాలు ముందు ప్లేట్ల వరుస ఇంకెవరో వచ్చి గీయాలా?

రాజమండ్రిలో దామెర్ల రామారావు ప్రతిభను కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించారు. ఆయన బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే కన్నుమూసినా, తెలుగువారి చిత్రకళకు కొత్త బాట వేసి వెళ్ళారు. గుర్తించే కన్ను అంత అవసరం.

ఈ దారి సులువని మేం అనడం లేదు. రంగులకు డబ్బు కావాలి, మొదట్లో సంపాదన అంతంతమాత్రమే. అందుకే మా కోరికలు మూడు: వారానికి రెండు రోజులు డ్రాయింగ్ మాస్టారు, షీట్లకూ రంగులకూ కొంత నిధి, నోటీసు బోర్డు మీద ఈఏపీసెట్ పక్కనే బి.ఎఫ్.ఎ. ప్రవేశపరీక్ష తేదీ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వార్షికోత్సవం అయిపోయాక కూడా కుంచె కింద పెట్టకండి. అడిగేవాళ్ళకు మీ బొమ్మలే జవాబు చెప్పాలి.