ఇల్లు కదలని జర్నలిజం

"ఇంటి పట్టునుండే చదువుకోవచ్చమ్మా." దూరవిద్య గురించి ఆడపిల్లకి చెప్పే మొదటి సుగుణం ఇదే. మా ఇంట్లోనూ అదే అన్నారు. విశాఖలో హాస్టల్లో ఉండి జర్నలిజం చదువుతానంటే ససేమిరా అన్న నాన్న, అదే చదువు పోస్టులో ఇంటికొస్తుందని తెలిసిన రోజునే డీడీ తీశారు. 2012 సంగతి. భోగాపురం పోస్టాఫీసుకి పుస్తకాల కట్ట వచ్చింది. అందులో రేడియో, టెలివిజన్ జర్నలిజానికి ఒక పేపరు. మైకుల రకాలు బొమ్మలతో సహా ఉన్నాయి. ఏ మైకు ఏ వైపు నుంచి గొంతు పట్టుకుంటుందో బట్టీపట్టి రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఏడాది మొత్తం మీద నిజం మైకు నా చేతికి తగిలింది ఒక్కసారి, ఒక ఆదివారం కాంటాక్టు క్లాసులో, అరవైమంది చేతులు మారి వచ్చాక. అది పని చెయ్యడం లేదని చివరి బెంచీ దాకా వెళ్ళాకగానీ ఎవరికీ తెలియలేదు.

దూరవిద్య మీద నాకు కోపం లేదు. 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది కాబట్టే, ఇంటర్ లేని ఆడవాళ్ళు ఎందరో అర్హత పరీక్ష రాసి, పిల్లల్ని పడుకోబెట్టి, డిగ్రీ చదువుకున్నారు. మా పిన్ని అలా చదివిందే. చరిత్రో, తెలుగో అలా చదవొచ్చు. కానీ వార్త ఇంటికి రాదు కదా! అది పంచాయితీ ఆఫీసు మెట్ల మీద ఉంటుంది, పోలీస్ స్టేషన్ బయట ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి బస్టాండులో ఉంటుంది. గడప దాటడమే పనిగా ఉన్న వృత్తిని గడప దాటకుండా నేర్పుతామంటే సంతోషించేది ఎవరు? ఆ సౌకర్యం చదువుకునే పిల్లది కాదు, ఆమెకి కాపలా కాసేవాళ్ళది. జ్ఞానవాణి ఎఫ్.ఎం. 2001లో మొదలై చదువు గాలిలో తేలుతూ ఇళ్ళలోకి వచ్చింది. నిజమే. అప్పుడూ మన పని వినడమే.

సర్టిఫికెట్ పట్టుకుని ఒక ఛానల్‌కి గొంతు పరీక్షకి వెళ్ళాను. కాగితం చూసి చదివినంతసేపూ బాగానే ఉంది. తరువాత మాటల్లో ఎక్కడో "నేదండి" అన్నాను. "లేదు" అనడం రాదా అని అడిగి నవ్వారు. భాష శుభ్రం చేసుకుని రమ్మన్నారు. గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది విజయనగరంలో. వాడుక భాషకి పీట వేసిన నేల నుంచి వచ్చిన నోటిని కడుక్కోమంటున్నారు! మా యాస తెర మీదకి రావాలంటే పనిమనిషిగానో హాస్యగాడిగానో రావాలి, వార్తగా రాకూడదు. నా కోర్సు పుస్తకంలో ఉచ్చారణ మీద ఒక అధ్యాయమే ఉంది. ఎవరి ఉచ్చారణ అని మాత్రం ఎక్కడా లేదు.

2015లో విమానాశ్రయం కోసం భూసేకరణ మొదలైనప్పుడు మా మండలంలో గూడెపువలస, కవులవాడ వైపు మైకులు చాలానే వచ్చాయి. ఒక పెద్దావిడ విలేఖరికి పది నిమిషాలు చెప్పింది: జీడితోట ఎన్నేళ్ళకి కాపుకొస్తుంది, కొబ్బరికి నీళ్ళెక్కడివి, పూలు ఏ నెలలో ఏ ఊరు పోతాయి. లెక్కలన్నీ నోటికే. ఆ రాత్రి టీవీలో ఆవిడ ఏడుస్తున్న కొన్ని క్షణాలు వేశారు, మాట లేకుండా, పైన మగగొంతు వ్యాఖ్యానంతో. ఏడుపుకి యాస అడ్డు రాదు కాబోలు. ఆ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ ప్రత్యక్ష ప్రసారమే.

"మరేం చెయ్యమంటావు, పల్లెటూరి ఆడవాళ్ళకి ఇంతకన్నా దారేముంది?" అని మన సెమినార్లలోనే అడుగుతారు. దారి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూరులో వేసి ఉంది (ఇప్పుడది సంగారెడ్డి జిల్లా). డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, బడి మొహం చూడనివాళ్ళు కూడా, రికార్డర్ పట్టుకుని పొలాల్లోకి వెళ్ళారు. లైసెన్సు రాకముందు ఏళ్ళ తరబడి టేపులు చేసి సంఘాల్లో వినిపించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ చేతుల మీదుగా 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించీ పండగల గురించీ వాళ్ళ యాసలోనే మాట్లాడతారు. అక్కడ ముందు మైకు వచ్చింది. మనకి ముందు పుస్తకం వచ్చింది, మైకు రానే లేదు.

కోర్సులు మూసెయ్యమనడం లేదు. పుస్తకాల కట్టతో పాటు ఒక రికార్డర్ అరువివ్వండి. వ్యాసాలకి బదులు గ్రామసభ నుంచి, పీహెచ్‌సీ నుంచి, పిల్ల తన నోటి మాటతో చేసిన రిపోర్టుకి మార్కులు వెయ్యండి. తిరగడానికి బస్సు ఖర్చు ఫీజులో కలపండి. జీతం లేకుండా ప్రకటనలు తెమ్మనే కంట్రిబ్యూటర్ కొలువు గురించి ఒక్క పాఠమైనా పెట్టండి.

మొన్న మా అప్ప కూతురు ఫోన్ తెచ్చి చూపించింది. ఆన్‌లైన్లో యాంకరింగ్ కోర్సట. "ఇంట్లో కూకునే సేసేయొచ్చు పిన్నీ" అంది. ఫీజు సాయం చెయ్యనన్నాను. దానికి ఇంకొంత కలిపి పాత స్కూటీ ఒకటి కొనిస్తానన్నాను. ఆ పిల్ల నవ్వింది. మా అప్ప మాత్రం నాతో ఇంకా మాటాడ్డం లేదు.