ముందు సెలైన్, ఆ తర్వాతే ఇన్సులిన్

ఇన్సులిన్ బాగా కొరవడినప్పుడు శరీరం గ్లూకోజ్‌ను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. అలా పుట్టిన కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఇదే డయాబెటిక్ కీటోఅసిడోసిస్. ఇన్‌ఫెక్షన్ సోకడం, ఇన్సులిన్ మానేయడం దీనికి ముఖ్య కారణాలు. టైప్ 1 పిల్లల్లో కొందరికి షుగర్ ఉందని బయటపడేదే ఈ స్థితిలో. వయసు మళ్లిన టైప్ 2 రోగుల్లో కీటోన్లు అంతగా లేకుండానే షుగర్ 600 మిల్లీగ్రాములు దాటి, ఒంట్లో నీరు ఇంకిపోయి, మనిషి మగతలోకి జారుకోవడం షుగర్ తెచ్చే మరో అత్యవసర స్థితి.

కీటోఅసిడోసిస్‌లో తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, నాలుక పిడచగట్టడం తొలి లక్షణాలు. ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతుంది; అందులో మగ్గిన పండు వాసన రావచ్చు. ఈ కడుపునొప్పిని గ్యాస్ అనుకుని, ఆయాసాన్ని ఉబ్బసం అనుకుని ఒక పూట పోగొట్టుకోవడం మామూలే.

ఇలాంటప్పుడు వెంటనే 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పోయకూడదు. స్పృహ ఉండి, వాంతులు లేకపోతే కొద్దికొద్దిగా మంచినీళ్లు పట్టవచ్చు. ఇంట్లో ఉన్న ఇన్సులిన్‌ను డాక్టర్‌ను అడగకుండా ఉజ్జాయింపుగా పొడవకూడదు.

ఆస్పత్రిలో మొదటి మందు సెలైన్. కీటోఅసిడోసిస్‌లో పెద్దవాళ్లు దాదాపు 6 లీటర్ల నీరు కోల్పోతారు. గుండె, కిడ్నీలు బాగుంటే మొదటి గంటలో లీటరు వరకు ఎక్కిస్తారు. ఈలోగా పొటాషియం పరీక్ష చేస్తారు. మూత్రంతో పొటాషియం చాలావరకు పోయి ఉన్నా రిపోర్టులో మామూలుగానే కనిపించవచ్చు. ఇన్సులిన్ పడగానే రక్తంలో ఉన్న కాస్తా కణాల్లోకి వెళ్తుంది, గుండె లయ తప్పవచ్చు. అందుకే పొటాషియం 3.5 కంటే తక్కువుంటే ముందు దాన్ని సరిచేసి, తర్వాతే ఇన్సులిన్ ఇస్తారు. మోతాదు కిలోకు గంటకు 0.1 యూనిట్, అంటే 60 కిలోల మనిషికి గంటకు 6 యూనిట్లు.

షుగర్ 250కి దిగాక సెలైన్‌తో పాటు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) సీసా కూడా పెడతారు. షుగర్ రోగికి గ్లూకోజ్ ఏమిటని బంధువులు కంగారుపడేది ఇక్కడే. రక్తంలో ఆమ్లం తగ్గేదాకా ఇన్సులిన్ ఆపకూడదు. ఆపకుండా ఇస్తూ షుగర్ మరీ పడిపోకుండా కాచుకోవడానికే ఆ సీసా. పిల్లల్లో మెదడు వాచే ముప్పు ఉంది కాబట్టి ద్రవాలను మరింత జాగ్రత్తగా లెక్కగట్టి ఇస్తారు.

షుగర్ అంకె ఒక్కటే చూసి ధీమా పడటం, ఆ ఒక్కదాన్నే దించడానికి తొందరపడటం రెండూ ప్రమాదమే. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు వాడేవారిలో షుగర్ 200 లోపే ఉన్నా కీటోన్లు పెరగవచ్చు. పొటాషియం పరీక్ష లేని చిన్న క్లినిక్‌లు సెలైన్ మొదలుపెట్టి పెద్దాస్పత్రికి పంపడమే సరైన వైద్యం. డిశ్చార్జి నాడు రోగికి తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది: జ్వరమొచ్చి అన్నం సయించని రోజున కూడా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు, మోతాదు ఎంతో డాక్టర్‌ను అడిగి వేసుకోవాలి.