మెరుపు తగ్గిందా.. లెక్క తప్పిందా?
పెద్ద సంస్థల పేరు చూసి నమ్మేవారికి ‘సత్యం’ చెబుతున్న పాఠం

సికింద్రాబాద్: సాఫ్ట్‌వేర్ సంస్థల లాభాలు తగ్గినా, నియామకాలు మందగించినా ‘ఆ కంపెనీ పని అయిపోయిందట’ అన్న మాట జిల్లాల్లో ఇట్టే పాకిపోతుంది. ప్రాంగణ ఎంపికల కోసం ఎదురుచూసే విద్యార్థులు, ఫీజుల కోసం పొలం తాకట్టు పెట్టిన తల్లిదండ్రులు, పొదుపు సొమ్ముతో వాటాలు కొన్న చిరుద్యోగులు కలవరపడతారు. అయితే లాభం తగ్గడం వేరు, పేరు చెడడం వేరు. ఈ తేడాను తెలుసుకోవడానికి సికింద్రాబాద్‌లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ కథను మించిన ఉదాహరణ లేదు.

ఇరవై మంది లోపే..
1987లో పి అండ్ టి కాలనీలో బైర్రాజు రామలింగరాజు, రామరాజు సోదరులు ఇరవై మంది లోపు సిబ్బందితో సత్యాన్ని ప్రారంభించారు. 2001 నాటికి అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరింది. 2008లో తమ ఉద్యోగులు సుమారు 53 వేల మందని సంస్థ ప్రకటించింది. రామలింగరాజు చొరవతో 2005లో మొదలైన 108 అంబులెన్స్ సేవలు పల్లెల్లోనూ ఆయనకు మంచి పేరు తెచ్చాయి. 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు సైతం దక్కింది. పైమెరుపు చూసినవారికి అనుమానమే కలగలేదు.

తిరగబడిన పేరు
2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలు రెండింటిని సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. సత్యం పేరులోని ఇంగ్లిషు అక్షరాలను తిరగేస్తే వచ్చేదే మేటాస్. మదుపుదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. అదే నెలలో, ప్రపంచ బ్యాంకు ఈ సంస్థను ఎనిమిదేళ్లపాటు తన పనులకు దూరం పెట్టిన సంగతి వెల్లడైంది. స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి వెంట ఒకరు తప్పుకున్నారు.

2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో గుట్టు రట్టయింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయన అంగీకరించారు. అంతకుముందు రోజు 179 రూపాయలున్న వాటా ధర ఆ సాయంత్రానికి దాదాపు 40కి పడిపోయింది.

ఆ లేఖలోని మరో లెక్క గమనించదగినది. 2008 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లుగా, అంటే ఆదాయంలో 24 శాతంగా చూపారు. నిజానికి వచ్చింది 61 కోట్లు, 3 శాతం. లాభం తక్కువని మొదట్లోనే చెప్పి ఉంటే వాటా కొంత తగ్గేది, విమర్శలు వచ్చేవి. అంతటితో పోయేది. ఉన్నదానికి, చూపినదానికి మధ్య ఏళ్ల తరబడి పెరిగిన అగాధమే సంస్థను ముంచింది.

పేరు పోయినా పని నిలిచింది
కేంద్రం పాత పాలక మండలిని రద్దు చేసి కొత్త డైరెక్టర్లను నియమించింది. 2009 ఏప్రిల్‌లో జరిగిన వేలంలో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున చెల్లించేందుకు ముందుకొచ్చి సంస్థను దక్కించుకుంది. ఆ ఏడాది జూన్‌లో మహీంద్రా సత్యంగా మారిన పేరు, 2013 జూన్‌లో విలీనంతో పూర్తిగా కనుమరుగైంది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం రాజు సోదరులు సహా పదిమందికి ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. మరుసటి నెలలో పై కోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది.

లెక్కలు దొంగవైనా ఇంజినీర్లు చేసిన పని నిజమైనది. అందుకే ఖాతాదారుల్లో పలువురు సంస్థతోనే కొనసాగారు. కానీ తప్పు చేయని ఉద్యోగులు మూల్యం చెల్లించారు. 2009లో వేలమందిని పని లేని జాబితాలో చేర్చి, కోసిన జీతంతో ఇంటికి పంపారు.

తగ్గుదల నేరం కాదు
సత్యాన్ని కలుపుకొన్న టెక్ మహీంద్రాకూ గడ్డుకాలం వచ్చింది. 2022-23లో సుమారు 4,830 కోట్లున్న నికర లాభం, 2023-24లో 2,360 కోట్లకు, అంటే సగానికి పడిపోయింది. సంస్థ ఆ అంకెను దాచకుండా ప్రకటించింది. 2024-25లో లాభం మళ్లీ 4,250 కోట్లకు చేరింది. మెరుపు తగ్గింది, పేరు నిలిచింది.

ఏం చూడాలి?
వాటాలు కొనేవారు లాభంతోపాటు ఆ మేరకు నగదు చేతికి వస్తోందా అన్నది చూడాలి. వ్యవస్థాపకుల వాటా ఏటా కరిగిపోతుంటే జాగ్రత్త పడాలి. 2001లో పాతిక శాతం దాకా ఉన్న సత్యం వ్యవస్థాపకుల వాటా 2008 సెప్టెంబరుకు 9 శాతం లోపే మిగిలింది. వారు తాకట్టు పెట్టిన వాటాల వివరాలు వెల్లడించాలన్న సెబీ నిబంధన ఈ కుంభకోణం తర్వాత వచ్చిందే.

ఉద్యోగార్థులు ప్రకటనల కన్నా ముందు బ్యాచ్ విద్యార్థులను అడగడం మేలు. నియామక పత్రాలు అందుకున్నవారిలో ఎందరు నిజంగా చేరారు, జీతం, భవిష్యనిధి సకాలంలో పడుతున్నాయా అన్నవి తెలుసుకోవాలి. ఒక్క త్రైమాసికం లాభం తగ్గిందని బెంబేలెత్తనక్కరలేదు. ఏనాడూ తగ్గుదల చూపని సంస్థ లెక్కలనే ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.