ఇంటి జమాఖర్చు: ఫోన్ల కంపెనీ మూడు నెలల లెక్క

పోయిన నెల మన సభ్యులొకరు మా యింటికి వచ్చినారు. ఉద్యోగ విరమణ సొమ్ములో కొంత ఒక ఫోన్ల కంపెనీ షేర్లలో పెట్టవలెనని వారి సంకల్పం. చేతిలో ఆ కంపెనీ మూడు నెలల లెక్కల కాగితం. "అమ్మకాలు పెరిగినవి, లాభం వున్నది, యింకేమి కావాలండీ?" అన్నారు.

కొనండనీ, మానండనీ మేము చెప్పలేదు. ఫలితం తేలిపోయిన పాత లెక్క ఒకటి ముందు పెట్టుకొన్నాము. అది నోకియాది. ఫిన్లండు కంపెనీయే అయినా, 2006లో శ్రీపెరుంబుదూరులో కర్మాగారం తెరిచినది గనుక చెన్నపట్నం వైపు మనవాళ్లకు పరాయిది కాదు.

2010 చివరి మూడు నెలల లెక్క 2011 జనవరిలో వచ్చినది. అది క్రిస్మస్ బేరాల కాలం గనుక దానిని అంతకుముందు మూడు నెలలతో పోల్చరాదు. దీపావళి జవుళి బేరాన్ని నిరుటి దీపావళితోనే కదా పోల్చుతాము! అలా చూస్తే రాబడి నూటికి 6 వంతులు పెరిగినది. ఖరీదైన స్మార్టుఫోన్ల అమ్మకం 2 కోట్ల 8 లక్షలనుంచి 2 కోట్ల 83 లక్షలకు ఎక్కినది. ఇంతవరకు చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నవారు మోసపోయినారు.

ఆ స్మార్టుఫోన్ల సంతలో తన వాటా నూటికి 40 నుంచి 31కి దిగినదని అదే కాగితంలో కంపెనీయే అంచనా వేసినది. గుణించి చూస్తే మొత్తం సంత 5 కోట్ల 20 లక్షలనుంచి 9 కోట్ల పైచిలుకుకు పెరిగినదన్నమాట. ఊరంతా పరుగెత్తుతూ వుంటే వీరు నడిచినారు. నిర్వహణ లాభమా, 114 కోట్ల యూరోలనుంచి 88 కోట్లకు తగ్గినది. ఎక్కువ అమ్మి తక్కువ మిగుల్చుకొన్న వర్తకుణ్ణి, అదేమయ్యా అని మనం అడగమా?

రెండు వారాలకే, ఫిబ్రవరి 11న, సొంత సింబియన్ విడిచి మైక్రోసాఫ్టువారి విండోస్‌కు మారుతున్నామని ప్రకటించినారు. ఆ యేడు ఏప్రిల్-జూన్ లెక్కలో స్మార్టుఫోన్లు 1 కోటీ 67 లక్షలే. నికర నష్టం 36 కోట్ల 80 లక్షల యూరోలు. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్టు చేతికి పోయినది. పన్ను తగవులో చిక్కి ఆ బేరంలో చేరని శ్రీపెరుంబుదూరు కర్మాగారం నవంబరు 1న మూతబడినది. ఆ యేడు వేలమందికి పని పోయినది.

ఇంకొక సంగతి కూడా చెప్పినాము. అంగడికి పంపిన ఫోను చాలా కంపెనీల లెక్కలో అమ్ముడైనట్లే. అది అలమరలోనే వున్నదా, కొన్నవారి చేతికి పోయినదా అన్నది వేరే విచారించుకోవాలి.

మిత్రులు తమ కాగితం మళ్ళీ మొదటినుంచి తిరగేసినారు. అమ్మకాల దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి వున్నది. వాటా సంగతి మాత్రం ఎక్కడా కనబడలేదు. కంపెనీకి ఉత్తరం వ్రాసి అడుగుతామన్నారు. సొమ్ము యింకా బ్యాంకులోనే వున్నది.