పరీక్ష చేశారు సరే, ఆ తర్వాత?

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాది పాటు సంభవించిన మరణాలన్నింటికీ కారణమేమిటని పరిశోధకులు ఆరా తీశారు. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబసభ్యుల నుంచి రాసుకొచ్చారు. వాటిని చూసి వైద్యులు కారణం తేల్చారు. పల్లెల్లో ప్రాణాలు తీసేవి అంటురోగాలేనన్న నమ్మకం ఆ లెక్కలతో చెదిరిపోయింది. అంటువ్యాధుల వాటా 12 శాతం కాగా, గుండెజబ్బులు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ వ్యాధులది 32 శాతం.

2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరుసటి ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. కూలి చేసుకునే మనిషి కార్పొరేట్ ఆసుపత్రిలో స్టెంటు వేయించుకోగలిగాడంటే అది ఈ పథకం చలవే. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ చికిత్స పరిమితిని రూ.25 లక్షలకు, తెలంగాణ రూ.10 లక్షలకు పెంచాయి. అయితే గుండెకు స్టెంటు పడేనాటికి ఆ మనిషి ఎన్నో ఏళ్లుగా అధిక రక్తపోటుతోనో మధుమేహంతోనో బతుకుతూ ఉంటాడు. అప్పుడే పట్టుకుని ఉంటే జనరిక్ దుకాణంలో రూపాయికి అటూఇటూగా దొరికే ఆమ్లోడిపిన్ మాత్రతో చాలావరకు గండం గట్టెక్కేది. లక్షల దగ్గర ఉదారంగా ఉన్న వ్యవస్థ రూపాయి దగ్గర తడబడుతోంది.

ముందే పట్టుకునే ఏర్పాటు కాగితం మీద లేకపోలేదు. క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బుల నియంత్రణకు కేంద్రం 2010లోనే జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ రక్తపోటు, మధుమేహంతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష జరగాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబంలో జబ్బులు అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముప్పు ఎక్కువున్నట్లు. వారిని గ్రామ ఆరోగ్య కేంద్రానికో, పల్లె దవాఖానాకో ముందుగా పంపాలి. ఆచరణ చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమే.

వీటికి పెద్ద యంత్రాలు కావాలా అంటే అక్కర్లేదు. గర్భాశయ ముఖద్వారం మీద పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు సాధారణ మహిళలకు ఈ పని నేర్పి, రెండేళ్లకోసారి చేయిస్తే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు పరీక్షించగా, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో తేలింది. శ్రీకాకుళం జిల్లాలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు పెద్ద వయసు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. ఆ వేడికి అంగిలి తెల్లబారి, పుండుపడి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. నోరు తెరిపించి చూడటానికి అరనిమిషం చాలు.

అసలు చిక్కు పరీక్ష తర్వాత మొదలవుతుంది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పున్నవారిని గుర్తించి వైద్యుల దగ్గరకు పంపించారు. గుర్తింపు బాగానే సాగింది. కానీ 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. బీపీకి నొప్పి ఉండదు. ‘నాకేమైందని మందులు?’ అంటాడు రోగి. ఆసుపత్రికి వెళితే ఒక రోజు కూలి పోతుంది. వెళ్లాక వారానికి సరిపడా మాత్రలే ఇస్తే, రెండోసారి వెళ్లేవారు సగమవుతారు. డాక్టరు లేని రోజున వెళ్లినవారు ఇక ఆ గుమ్మం తొక్కరు.

క్యాన్సర్ దగ్గర పరీక్షకూ చికిత్సకూ మధ్య ఈ దూరం మరీ ప్రమాదకరం. తెల్లమచ్చ కనిపించిన మహిళకు అక్కడికక్కడే చికిత్స చేసే చిన్న థర్మల్ పరికరాలు ఉన్నాయి. అవి అందుబాటులో లేనిచోట ఆమె జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌ ఎంఎన్‌జేకో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలి. తోడు రావడానికి ఎవరికీ తీరికలేని ఇంట్లో ఆ ప్రయాణం వాయిదాపడుతూనే ఉంటుంది.

దీనికి విరుగుడు మన అనుభవంలోనే ఉంది. 2017లో ఆరంభమైన జాతీయ అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి ఎంచుకున్న తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని సూత్రాలు తేలికైనవి. అన్నిచోట్లా ఒకే చికిత్సా విధానం, ఒకేసారి నెల రోజుల మందులు, ఇంటికి దగ్గర్లో బీపీ తనిఖీ, రానివారి పేర్లు తీసి ఫోన్ చేయడం. రోగి పేరిట చికిత్స కార్డు ఉంటుంది. ఎవరు మానేశారో అది చెబుతుంది.

మరోవైపు, అవసరం లేని పరీక్షల వెంట పడే జబ్బు పట్టణాల్లో ఉంది. మాస్టర్ హెల్త్ చెకప్ పేరిట ఎడాపెడా స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు చేయించడమే జాగ్రత్త అనుకుంటున్నారు. దక్షిణ కొరియాలో ఇలాగే థైరాయిడ్ స్కాన్లు పెరిగి, 2011 నాటికి ఆ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం తగ్గలేదు. ఎన్నడూ హాని చేయని గడ్డల కోసం వేలమంది కత్తికి తల వంచారు.

కాబట్టి రెండు రాష్ట్రాల వైద్య శాఖలు ప్రకటనల తీరు మార్చుకోవాలి. ఇన్ని లక్షల మందికి పరీక్షలు చేశామన్న సంఖ్య పక్కన మరో మూడు అంకెలు రావాలి: ఎంతమందిలో తేడా తేలింది, వారిలో ఎంతమంది చికిత్సకు చేరారు, ఎంతమందికి బీపీ 140/90 లోపు ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వారీగా వీటిని ఏటా బయటపెట్టాలి. ఆశాలకు ప్రోత్సాహకాన్ని నింపిన ఫారాల లెక్కన కాకుండా, మందు మానకుండా చూసిన రోగుల లెక్కన ఇవ్వాలి. శాసనసభలో వైద్య పద్దుపై చర్చ వచ్చినప్పుడు ఎమ్మెల్యేలు కొత్త ఆసుపత్రి భవనాల ఊసెత్తే ముందు ఒక ప్రశ్న అడగాలి: నిరుడు మా నియోజకవర్గంలో బీపీ ఉందని తేలినవారిలో ఈ ఏడాది ఎంతమందికి అదుపులో ఉంది?