ముందు దీపం, వెనక చీకటి

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లో ఏదో ఒక యాక్సెసరీస్ షాపు ముందో కొత్త కారు ఆగిందంటే సీట్ కవర్లు, మ్యాట్ల తర్వాత వచ్చే మాట డీఆర్‌ఎల్. డేటైమ్ రన్నింగ్ లైట్లు, అంటే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పగలు కూడా ముందువైపు తెల్లగా వెలిగే దీపాలు. బేస్ మోడల్ కొన్నవాళ్ల బండికి అవి టాప్ మోడల్ ముఖం తెచ్చిపెడతాయి. ఆ సంగతి అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. బేరం మాత్రం “లుక్కుకు లుక్కు, సేఫ్టీకి సేఫ్టీ సార్” అనే మాట మీద తెగుతుంది. లుక్కు ఎవరిష్టం వాళ్లది. పేచీ అంతా ఆ రెండో మాటతోనే.

ఈ నమ్మకానికి పునాది లేదనడం అన్యాయం. 1972లో ఫిన్లండ్ చలికాలంలో ఊళ్ల బయటి రోడ్ల మీద పగలు కూడా లైట్లు వేయాలని చట్టం చేసింది. 1977లో స్వీడన్ ఏడాది పొడవునా వేయమంది. తర్వాత నార్వే, ఐస్‌లాండ్, డెన్మార్క్ అదే దారి పట్టాయి. కెనడా 1989 డిసెంబరు నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఈ లైట్లు ఉండాలంది. 2011 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్య కూడా కొత్త మోడళ్లకు తప్పనిసరి చేసింది. పలు అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన నార్వే పరిశోధకుడు రూనె ఎల్విక్, ఈ లైట్లు వాడే కార్లకు పగటిపూట ఇతర వాహనాలతో జరిగే ప్రమాదాలు 10 నుంచి 15 శాతం తగ్గుతాయని 1996లో తేల్చాడు. కొట్టిపారేయాల్సిన అంకె కాదది.

కానీ ఆ చట్టాలు ఎక్కడ మొదలయ్యాయో చూడాలి. డిసెంబరు మూడోవారంలో హెల్సింకిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి ఆరున్నర డిగ్రీలు కూడా పైకి రాడు. అదే రోజు విజయవాడలో 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అక్కడి పగలు చాలావరకు మన సందెవేళ లాంటిది. ఆ మసకలో దీపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మే నెల ఎండలో, కళ్లు చికిలిస్తే తప్ప తారు కనబడని రోడ్డు మీద, నాసిరకం ఎల్‌ఈడీ పట్టీ వెలుగుతోందో లేదో దగ్గరికొచ్చేదాకా తెలియదు.

ఎండ బాగా కాసే ప్రాంతాలు చాలానే ఉన్న అమెరికాలో ఏం జరిగింది? జనరల్ మోటార్స్ 1990ల నడుమ నుంచి తన కార్లకు ఈ లైట్లు పెట్టింది. దేశమంతటా తప్పనిసరి చేయమని 2001లో ప్రభుత్వాన్ని అడిగింది. అక్కడి రహదారి భద్రతా సంస్థ రాష్ట్రాల ప్రమాదాల రికార్డులు తిరగేసి, మొత్తమ్మీద చెప్పుకోదగ్గ ప్రభావమేదీ గణాంకాల్లో కనబడలేదని 2008లో ప్రకటించింది. మరుసటి ఏడాది ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. ఈలోగా, ఎదుటి కార్ల లైట్లు కళ్లలో పొడుస్తున్నాయని జనం ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పంపారు. ఆస్ట్రియా అయితే 2005 నవంబరులో పగటి లైట్లను తప్పనిసరి చేసి, 2008 జనవరి ఒకటిన ఆ నిబంధననే ఎత్తేసింది. వెలిగే కార్ల మధ్య మోటార్‌సైకిళ్లు, పాదచారులు కంటికి ఆనరేమోనన్న భయం అందుకు ఒక కారణం.

ఆ భయం మనకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీదివాళ్లు, దాదాపు 20 శాతం నడిచి వెళ్లేవాళ్లు. వాళ్లలో ఎంతమంది కారు కనబడక చనిపోయారు? వాళ్లు కారువాళ్లకు కనబడకపోవడం, కనబడినా వేగంలో ఉన్న కారు ఆగకపోవడం ఇక్కడి అసలు రోగం. ఆ ఏడాది మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైట్ దానంతటదే వెలిగే ఏర్పాటు తెచ్చారు. సన్నగా, ఒంటరిగా వచ్చే బండి అల్లంత దూరం నుంచే కనబడాలన్నది ఉద్దేశం. మొదట్లో ఎదురొచ్చే ప్రతివాళ్లూ పిడికిలి మూసి తెరుస్తూ “లైటు, లైటు” అని సైగ చేసేవారు. ఇప్పుడు ఆ ఒంటిదీపానికి రోడ్డు అలవాటు పడింది. దాని చుట్టూ మెరిసే కార్లను నింపితే ఆ ప్రత్యేకత పలచబడదా?

“పోనీ, లాభం లేకపోతే పోయె, ఉంటే నష్టమేమిటి?” అని అడుగుతారు. నష్టం వెనకవైపు ఉంది.

డీఆర్‌ఎల్ ముందు మాత్రమే వెలుగుతుంది. చాలా కార్లలో దానితోపాటు టెయిల్ ల్యాంపులు వెలగవు. సాయంత్రం ఆరు దాటాక ముందు తెల్లటి వెలుగు పడుతుంటుంది, డ్యాష్‌బోర్డూ ఎప్పటిలాగే మెరుస్తుంటుంది. లైట్లు వేసే ఉన్నాయనుకుని డ్రైవర్ స్విచ్ జోలికి పోడు. వెనక వచ్చేవాడికి మాత్రం నల్లటి ముద్ద తప్ప ఏమీ కనబడదు. మబ్బుపట్టిన వానలోనూ, సంక్రాంతి ముందటి మంచులోనూ ఇదే కథ. ‘ఆగివున్న లారీని ఢీకొన్న కారు’ అన్న శీర్షిక తెలుగు పత్రికలు చదివేవాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. వెనక దీపం లేని బండి ఏం చేస్తుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఢీకొన్న తీరులను బట్టి చూస్తే, కేంద్ర రహదారి మంత్రిత్వశాఖ 2022 నివేదికలో పెద్ద వాటా వెనకనుంచి కొట్టినవాటిదే. డీఆర్‌ఎల్‌ను అందరికన్నా ముందు నెత్తికెత్తుకున్న దేశాల్లో ఒకటైన కెనడా కూడా ఈ చిక్కు తెలుసుకుంది. 2021 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త బండ్లలో పగటి లైట్లతోపాటు టెయిల్ ల్యాంపులూ వెలగాలి, లేదా చీకటి పడగానే అన్ని లైట్లూ వాటంతటవే పడాలి, అదీ కాకపోతే డ్రైవర్ లైట్లు వేసేదాకా డ్యాష్‌బోర్డు చీకటిగానే ఉండాలి. ముప్పై ఏళ్ల అనుభవం తర్వాత చేసిన దిద్దుబాటు అది.

షాపుల్లో బిగించేవాటి తీరు ఇంకో మెట్టు కింద. కంపెనీ డీఆర్‌ఎల్‌కు ఐరాస వాహన నిబంధనల ప్రకారం ఒక్కో దీపానికి 400 నుంచి 1200 క్యాండెలాల మధ్య వెలుగు ఉండాలి. హెడ్‌లైట్ వేయగానే అది దానంతటదే ఆరిపోవాలి. చాలా కార్లలో ఇండికేటర్ వేసినప్పుడు ఆ వైపు డీఆర్‌ఎల్ మసకబారడం చూసే ఉంటారు. పక్కనున్న నారింజ రంగు మెరుపు తెల్లటి వెలుగులో మునిగిపోకుండా చేసిన ఏర్పాటు అది. బజారు కిట్‌లో ఇవన్నీ ఉంటాయన్న భరోసా ఎక్కడ? కొన్ని పగలు మినుకుమంటాయి, రాత్రి ఆరక ఎదుటివాళ్ల కళ్లలో పొడుస్తాయి. కొన్ని నీలంగా మెరుస్తూ ముందు పోలీసు బండేమోననిపిస్తాయి. పైగా చాలా కిట్లు ఫాగ్ ల్యాంపు గూట్లో కూర్చుంటాయి. అంటే మంచులో పనికొచ్చేది పీకేసి, ఎండలో మెరిసేది పెట్టుకోవడం. వైరింగ్ కోసి జోడించారంటే రేపు కరెంటు పని ఏది చెడినా వారంటీ దగ్గర వాదన తప్పదు.

ఇంత భద్రత ఇచ్చే వస్తువే అయితే కంపెనీలు దాన్ని టాప్ మోడల్‌కు దాచిపెట్టేవా? ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, సీటుబెల్టు హెచ్చరిక, వేగం మించితే మోగే గంట వరసగా ఇక్కడ తప్పనిసరి అయ్యాయి. కార్ల డీఆర్‌ఎల్ ఆ జాబితాలో చేరలేదు. 2004లో ఆడి సంస్థ ఏ8 కారులో ఎల్‌ఈడీ పగటి లైట్లు తెచ్చిన దగ్గరనుంచి ఇది కారు కనుబొమల అలంకారంగా మారింది. అలంకారం తప్పు కాదు, దానికి భద్రత బిల్లు వేయడం తప్పు.

పగలు కనబడాలన్న తపన నిజమైనదే. డివైడర్ లేని రెండు వరసల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయబోయేవాడికి ఎదుటి దీపం మేలు చేస్తుంది. ఆ పనికి కారులో ముందే ఉన్న లో బీమ్ చాలు. దానితోపాటు వెనక ఎర్రదీపాలూ వెలుగుతాయి, ఒక్క వైరూ తెగదు, ఖర్చల్లా కాస్త ఇంధనం. వాన చినుకు పడినా, సందె వాలినా, ఘాట్ రోడ్డు ఎక్కినా ఆ స్విచ్ తిప్పాలి. కిట్ కోసం తీసిన డబ్బు మిగిలితే మాసిపోయిన హెడ్‌లైట్ అద్దాలు పాలిష్ చేయించుకోవచ్చు, మాడిన బ్రేక్ లైటు బల్బు మార్పించుకోవచ్చు. ఆ పని కూడా అదే ఆటోనగర్‌లో, బహుశా అదే షాపులో అవుతుంది.