పాఠానికి ముందు ఐదు నిమిషాలు



కొంతకాలం క్రిందట ఒక మిత్రుడు నన్ను అడిగారు: “మీ ఆదివారపు తెలుగు తరగతిలో పిల్లలకు కాస్త ధ్యానం కూడా నేర్పరాదా? ఈ నగరంలో పిల్లలకు మనశ్శాంతి కరవైపోయింది గదా!” మంచి మాటే. అయినా వెంటనే సరే అనలేకపోయాను. ఆ కరవు ముందుగా తీరవలసినది పిల్లలకు కాదు, నాకు. ఆ సంగతి నాకు తెలిసివచ్చిన విధం చెప్పుకొంటే తప్ప ఈ విషయంపై మాట్లాడే అర్హత నాకు లేదనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను పనిచేసే బడిలో ఒక శనివారం సమావేశం జరిగినది. తెలుగు తీసుకొనే పిల్లలు తగ్గిపోయినారు గనుక వచ్చే సంవత్సరం ఆ విభాగాన్ని కొనసాగించడం కష్టమని చెప్పినారు. ఎవరూ పరుషంగా మాట్లాడలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మరునాడు ఆదివారపు తరగతికి ఆ మనస్సుతోనే వెళ్ళాను. మూడవ తరగతి చదివే ఒక బాలుడు తన పలకపై తలకట్టులన్నిటినీ కన్నడ లిపిలోవలె అడ్డగీతలుగా గీసి తెచ్చినాడు. క్రింద సొంతంగా ఒక వాక్యం: “అమ్మ బేగ రా.” నేను పలక తీసుకొని అంతా తుడిచివేసి, “ఇది తెలుగా? కన్నడమా? రెండూ రాకుండా పోతావు” అన్నాను. కొట్టలేదు. విద్యాహక్కు చట్టం (2009) పదిహేడవ విభాగం పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా హింసించడాన్నీ నిషేధించినది. ఆ సెక్షనును మా బడి సమావేశాల్లో నేనే చదివి వినిపించిన వాణ్ణి.

ఆ బాలుడు నాలుగు వారాలు తరగతికి రాలేదు. వాళ్ళ అమ్మగారు దారిలో కనబడి, “ఏమీ అనుకోకండి మాస్టారూ, వాడికి తెలుగంటే భయం పట్టుకుందండీ” అన్నారు. ఆమె నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే నా మనస్సు కొంత తేలికపడేది.

మరొక చిన్న శిక్ష కూడా నాకు పడినది. ఈ సంగతి శ్రీకాకుళంవారైన ఒక సహోపాధ్యాయునితో చెప్పగా ఆయన పకపక నవ్వి, “బేగ కన్నడమని ఎవరన్నారండీ? మా ఊళ్ళో రోజూ ‘బేగి రా’ అనే అంటాం” అన్నారు. నిజమే. సంస్కృత ‘వేగ’ శబ్దం నుండి వచ్చిన ఆ మాట ఉత్తరాంధ్రలోనూ ఉన్నది, కన్నడంలోనూ ఉన్నది. కృష్ణా తీరంలో పుట్టిన నా చెవికి వినబడలేదు గనుక అది తెలుగు కాదని తీర్పు చెప్పాను. కోపంలో ఉన్నవాడికి తన ఊరి భాషే భాషగా తోస్తుంది కాబోలు.

ఈ ఘటన తరువాత నేను తిరిగి చదివినది జిడ్డు కృష్ణమూర్తిగారిని. ఆయన 1895లో మన మదనపల్లెలో జన్మించినారు. బెంగళూరునుండి బస్సెక్కితే మూడు నాలుగు గంటల ప్రయాణం. పదేళ్ళ వయస్సులో తల్లి సంజీవమ్మగారు పోయినారు. చదువుకొనే రోజుల్లో ఆయనను మందబుద్ధిగా ఎంచి ఉపాధ్యాయులు తరచు కొట్టేవారని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసినారు. 1909లో అడయారు సముద్రతీరంలో లెడ్‌బీటరు దృష్టిలో పడి, ఆపై జగద్గురువు కాగలవాడని ప్రకటింపబడినది ఆ మందబుద్ధి బాలుడే. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, తనకోసం నెలకొల్పిన నక్షత్ర సంఘాన్ని తానే రద్దు చేసి, గురుపీఠం వదలి వచ్చినారు. 1986లో కన్నుమూసేవరకు ఆయన విడువకుండా పట్టుకొన్న పనులలో బడులు ముఖ్యమైనవి. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ 1926 నాటిది. మన బెంగళూరు కనకపుర రోడ్డులోని వ్యాలీ స్కూలు 1978లో ఆరంభమైనది. అదే సంవత్సరం సెప్టెంబరునుండి తన బడులన్నిటికీ ఆయన లేఖలు వ్రాయసాగినారు. ఆ లేఖలు ఆంగ్లంలో పుస్తకంగా దొరుకుతవి. ఉపాధ్యాయులైనవారు ఒకసారి చదువవలసినవి.

ఆ లేఖలలో నన్ను పట్టి ఆపినది ‘తీరిక’ను గురించిన చర్చ. స్కూలు అన్న పదానికి మూలమైన గ్రీకు మాటకు తీరిక అని అర్థం. తీరిక అంటే పని లేకపోవడం కాదని, దేనితోనూ క్రిక్కిరిసిపోని మనస్సు అని ఆయన భావం. అటువంటి మనస్సే ఎదుటివాణ్ణి చూడగలదు, వినగలదు. ఆ ఆదివారం నేను పలకను చూచినాను గాని బాలుణ్ణి చూడలేదు. నా మనస్సులో శనివారపు సమావేశం ఇంకా నడుస్తూనే ఉన్నది. తనలో భయం పెట్టుకొన్న ఉపాధ్యాయుడు నోటితో ఎన్ని శాంతివచనాలు పలికినా పిల్లలకు చేరేది ఆ భయమేనని కృష్ణమూర్తిగారు అనేక విధాల చెప్పినారు. నేను దానిని పుస్తకంలో గాక ఒక పలక మీద చదువుకోవలసివచ్చినది.

మన భయం ఏమిటో దాచుకోనక్కర లేదు. ఈ రాష్ట్రంలో 2015 నాటి చట్టం ప్రకారం కన్నడం ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో నేర్పవలసి ఉన్నది. అది న్యాయమనే నేనంటాను. ఉన్న ఊరి భాష రాని బాల్యం సగం బాల్యమే. ఆంగ్లాన్ని తల్లిదండ్రులు వదలరు. ఇక తెలుగుకు మిగిలేది మూడవ స్థానం, కాకుంటే ఆదివారం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించాలన్న 350-ఎ అధికరణం 1956నుండి రాజ్యాంగంలో ఉన్నది గాని, అధికరణం వచ్చి పిల్లవాడిచేత ‘అ’ దిద్దించదు. కాబట్టి భాష జారిపోతున్నదన్న దిగులు మనకు సహజం. ఆ దిగులును మనం ఎవరిమీద దించుతున్నామన్నదే నా ప్రశ్న. ప్రభుత్వం మీద దించలేము, బడి యాజమాన్యం మీద దించలేము. చేతికి అందేది ఎనిమిదేళ్ళ పిల్లవాడే. తల్లిదండ్రులలోనూ ఇదే చూస్తున్నాను. ఊరినుండి తాతగారు వచ్చి “వీడికి తెలుగు చదవడం రాదా!” అన్నప్పుడు కలిగిన చిన్నతనమంతా ఆ రాత్రి పిల్లవాడి చేత పెద్దబాలశిక్ష పట్టించడంలో తీరుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. “చెట్ల నీడన నడిచే ఖరీదైన బడులకు ఈ ప్రశాంతత చెల్లుతుంది. సిల్కుబోర్డు కూడలిలో గంటసేపు నిలబడి తరగతికి వచ్చే మాకు ఎక్కడిది?” ఋషివ్యాలీలో సాయంకాలం పిల్లలందరూ మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. అస్తాచలం అంటారు దానిని. మా తరగతి కిటికీలోనుండి కనబడేది ఎదుటి అపార్టుమెంటు గోడ. ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు.

అయితే ఆ లోయలోనే మరొక కథ ఉన్నది, దానికి రావలసినంత పేరు మన తెలుగువారిలో రాలేదు. చుట్టుప్రక్కల పల్లెల పేద పిల్లలకోసం పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ పాఠశాలలను రూపొందించినారు. ఒకే గది, పలు తరగతుల పిల్లలు, ఒకరే ఉపాధ్యాయులు, తెలుగులో చదువు. పాఠ్యపుస్తకానికి బదులు బొమ్మలతో, ఆ ప్రాంతపు పాటలతో, కథలతో చేసిన కార్డులు. గోడమీద ఒక నిచ్చెన పటం. ప్రతి బిడ్డా తాను ఏ మెట్టుమీద ఉన్నాడో తానే చూచుకొని తరువాతి కార్డు తీసుకొంటాడు. జ్వరం వచ్చి పదిరోజులు మానితే, మళ్ళీ వచ్చి తన మెట్టునుండే మొదలుపెడతాడు. ప్రక్కవాడితో పోలిక లేదు. పోలిక ఉన్నచోట భయం తప్పదన్న కృష్ణమూర్తిగారి మాటకు ఇది అట్టముక్కలతో చేసిన వ్యాఖ్యానం. గమనించండి, ఇక్కడ ఎవరూ పిల్లలకు శాంతిని బోధించడం లేదు. ఉపాధ్యాయుడు కేకలు వేయవలసిన అవసరం లేని ఏర్పాటు చేసినారు, అంతే. ఉపాధ్యాయుడు కుదుటపడితే గది కుదుటపడినది.

ఇది తెలుగు పల్లెలలో ఆగిపోలేదు. కర్ణాటక ఉపాధ్యాయులు ఋషివ్యాలీకి వచ్చి చూచి వెళ్ళి, 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో అదే పద్ధతిని కన్నడంలో ఆరంభించినారు. దాని పేరే ‘నలి-కలి’, ఆనందంగా నేర్చుకో అని అర్థం. తరువాత అది రాష్ట్రమంతటి ప్రభుత్వ బడులకు వ్యాపించినది. మన మదనపల్లె చెరగున పుట్టిన నిచ్చెన ఎక్కి కన్నడ పిల్లలు అక్షరాలు నేర్చుకొన్నారన్నమాట! దీనిని చెప్పుకొని మురిసిపోకుండా, “తెలుగుకు ఇక్కడ చోటు లేదు” అని వాపోతూ కూర్చుంటాము.

కృష్ణమూర్తిగారితో నాకు రెండు పేచీలు ఉన్నవి. శాంతి అభ్యాసంవలన వచ్చేది కాదని, ఏ పద్ధతీ అక్కడికి చేర్చదని ఆయన అంటారు. ఉండవచ్చును. నావంటి సామాన్యుడికి మాత్రం ఒక చిన్న పద్ధతి కావలసివచ్చినది. తరగతికి ముందు ఐదు నిమిషాలు ఫోను సంచిలో వేసి, ఖాళీ బల్లల నడుమ ఊరికే కూర్చుంటాను. ధ్యానం అనను. ఆ పూట నేను ఎవరిమీది కోపాన్ని మోసుకువచ్చినానో చూచుకొంటాను. పోదు. కాని దాని పేరు తెలిసి ఉంటే అది పిల్లవాడి పలకమీదికి పోకుండా కొంత ఆపగలుగుతున్నాను. రెండవ పేచీ, 1911లో ఇంగ్లండు వెళ్ళిన ఆ బాలుడు క్రమంగా తెలుగు పూర్తిగా మరచిపోయినాడు. భయాన్ని గురించి ప్రపంచమంతటితో మాట్లాడిన మనిషి, తాను పుట్టిన ఊరి అవ్వతో ఆమె మాటలో మాట్లాడలేని స్థితికి వచ్చినారు. ఆయన తప్పు కాదు, పసివాడుగా ఉండగా తీసుకుపోయినారు. అయినా తెలుగు బోధించేవాడిగా ఆ పుట దగ్గర నాకు ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. అంతరంగం ఎంత నిర్మలమైనా భాష దానంతట అది నిలవదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పవలసినదే.

మనలో కుదురు ఉంటే ఇరుగుపొరుగుకూ మేలు. కావేరి విషయమై 1991 డిసెంబరులోనూ, 2016 సెప్టెంబరులోనూ ఈ నగరం భాష పేర తగులబడడం చూచినవారు మనలో ఉన్నారు. అటువంటి రోజులలో పిల్లలు మన ముఖాలవంక చూస్తారు. అప్పుడు చెప్పడానికి మనవద్ద కథలు ఉండాలి. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో కరీంనగర్ ప్రాంతపు కురిక్యాల గుట్టమీద వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నవి. తెలుగు కందపద్యాలకు ప్రాచీన సాక్ష్యాలలో అది ఒకటి. అన్న కన్నడానికి ఆదికవి, తమ్ముడి శాసనంలో తెలుగు కందం. మన రెండు లిపులూ ఒకే పలకమీదనుండి విడిపోయినవే గనుక, మా బాలుడి అడ్డగీత తలకట్టు కూడా వంశంలో లేని తప్పేమీ కాదు.

ఐదవ వారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. బాలుడు తలుపు చాటున నిలబడినాడు. “ఒరే నాన్నా, బేగ తెలుగుమాటే. నాకే తెలియలేదు” అన్నాను. వాడు ఏమీ అనలేదు. వాళ్ళ నాయనమ్మగారు మాత్రం, “మా హిందూపురం కడ రెండూ కలిపే మాట్లాడుకుంటాము సామీ, ఎవురూ చావలేదు” అని కాఫీ ఇచ్చినారు.

ఆ వచ్చే ఆదివారం వాడు వచ్చినాడు. తెలుగులో ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ పలికే మాటలను పిల్లలందరూ బోర్డుమీద పోగుచేస్తున్నారు: పాలు-హాలు, పులి-హులి, పువ్వు-హూవు, పండు-హణ్ణు. వాడు చాలాసేపు వెనుక బల్లమీద కూర్చుని, చివరకు లేచివచ్చి, సుద్దముక్క తీసుకొని, ‘పంది-హంది’ అని వ్రాసి తరగతినంతటినీ నవ్వించినాడు. తలకట్టు అడ్డగీతే. ఇప్పటికి దిద్దలేదు.